పక్క సీటు అద్దం

కారు పాడుచేసింది బావమరిది. ఇందులో వాదించడానికేం లేదు. హారను బాగుచేస్తానని వచ్చి ఒక పూటంతా అందులో తల దూర్చాడు. వాడు రాకముందు లోపల లైటు వెలిగేది, పక్క సీటు అద్దం దిగేది. వాడు వెళ్ళాక లైటు ఆరిపోయింది. కొన్నాళ్ళకి అద్దం బిగుసుకుపోయింది. దర్జీ తన భార్యని ఆఖరిసారి ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు, దారిలో ఆవిడ అడిగింది ఒక్కటే, కాస్త గాలి రానివ్వమని. అద్దం దిగలేదు. ఊళ్ళో కార్లన్నిటికీ వైరింగు చేసే మనిషి సొంత అక్క కారుకి చేసిన ఉపకారం అది. ఆ రోజు నుంచి దర్జీ వాడితో మాట్లాడలేదు.

ఇప్పుడు కూతురికి కారు కావాల్సి వచ్చింది.

పిల్లకి ఊరి అవతల పెద్ద లాబొరేటరీలో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. డ్యూటీ దిగేసరికి చీకటి పడుతుంది, ఆ వేళకి అటువైపు బస్సులుండవు. షెడ్డులో ఉన్న కారు తీసుకుంటానంది.

"తీసుకో. ఇంజను బాగానే ఉంది" అన్నాడు దర్జీ.

"ఇంజను బాగుంటే చాలా నాన్నా? లోపల లైటు లేదు, అద్దం దిగదు. చీకట్లో తాళం చేతులు కింద పడితే గుడ్డిదానిలా తడుముకోవాలి. మామయ్యని పిలుస్తాను."

"పిలువు. పిలిచి, ఆ చేత్తోనే పాత ఇనుము కొనేవాడిని కూడా పిలువు."

"ఎందుకూ, నిన్ను తూకం వెయ్యడానికా?"

దర్జీకి నవ్వు రాలేదు. కళ్ళజోడు సర్దుకుని, కొట్టు గదిలోంచి దారాలు లాగే చిన్న పట్టకారు తెచ్చుకుని షెడ్డులోకి నడిచాడు. బట్ట కత్తిరించి కుట్టడం తెలిసిన చేతికి కారు ఒక లెక్కా అనుకున్నాడు.

ముందు పైకప్పు లైటు మూత గోటితో లేపాడు. బల్బు తీసి వెలుతురుకి పట్టి చూశాడు. లోపలి తీగ తెగలేదు. చెవి దగ్గర ఊపి చూశాడు. చప్పుడు లేదు. చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టాడు. వెలగలేదు. కొత్త బల్బు పెట్టినా అంతే. అప్పట్లోనూ ఇవన్నీ చేసిచూశాడు. స్టీరింగు కింద ఫ్యూజుల పెట్టె తెరిచి, పట్టకారుతో ఒక్కో ఫ్యూజు లాగి, సూదిలో దారం ఎక్కించేటప్పుడు చూసినట్టు ఒక కన్ను మూసి చూశాడు. అన్నీ బాగున్నాయి. ఏది తీశాడో దాన్ని పెట్టిన తర్వాతే ఇంకోటి తీశాడు. మనిషికి ఆ పద్ధతి ఉంది.

అద్దం సంగతీ అంతే. డ్రైవరు తలుపు మీదున్న స్విచ్చి నొక్కితే మిగతా అద్దాలు మూలుగుతూనైనా దిగాయి. పక్క సీటుది చిన్న చప్పుడు కూడా చెయ్యలేదు. అవతలికి వెళ్ళి ఆ తలుపుకే ఉన్న స్విచ్చి నొక్కాడు. అరచేత్తో తలుపు మీద చరిచాడు. ఇంకోసారి గట్టిగా చరిచాడు.

కూతురు గుమ్మంలోంచి చూస్తోంది. "దాన్ని కొడితే ఏం చెప్తుంది నాన్నా? మూతి బిగించుకుని కూర్చుంది. అచ్చం ఇంటి యజమానిలాగే."

"పని లేదా నీకు?"

"ఉంది. మామయ్యకి ఫోన్ చెయ్యడం."

దర్జీ పట్టకారు జేబులో వేసుకుని కొట్టులోకి పోయి మిషను ముందు కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే బావమరిది వచ్చాడు. భుజాన గోనెగుడ్డ సంచి, జుట్టు బాగా నెరిసింది. గేటు దగ్గరే ఆగి, "బావా" అన్నాడు. దర్జీ చేతిలో ఉన్న ప్యాంటు అంచు కొలుస్తూనే ఉన్నాడు.

"లోపలికి రా మామయ్యా. వినపడిందిలే. వినపడనట్టు ఉండటం ఈయనకి అలవాటు" అంది కూతురు.

బావమరిది చెప్పులు విప్పి కారు ఎక్కాడు. ఎవరి కారైనా సరే, చెప్పులతో ఎక్కడు. దర్జీ కొట్టు కిటికీలోంచి అన్నీ చూస్తున్నాడు. ప్యాంటు అంచు కొలవడం ఎంతకీ పూర్తి కావడం లేదు.

బావమరిది పక్క సీటు తలుపు లోపలి అట్ట విప్పాడు. మరలు తీసి ఒక సీసా మూతలో వేసుకున్నాడు. అంచు కింద వేళ్ళు పెట్టి లాగితే క్లిప్పులు టపటపమని ఊడాయి. అట్ట వెనక పాలిథీను కాగితాన్ని చిరక్కుండా, పుండు మీద కట్టు విప్పినట్టు నెమ్మదిగా ఒలిచాడు. చేతికి రెండు పొడుగాటి వైర్లు తీసుకుని బ్యాటరీ నుంచి నేరుగా మోటరుకి తగిలించాడు.

అద్దం దిగింది.

నాలుగు వేళ్ళంత దిగింది. కిరకిరమంటూ, ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్ము అంచుల్లో రాలుతుండగా దిగింది. దర్జీ చేతిలో టేపు జారిపోయింది.

"ఎక్కించమను" అన్నాడు కూతురితో. "ఎక్కించమని చెప్పు."

కూతురు చెప్పేలోపే బావమరిది వైర్లు మార్చి తగిలించాడు. అద్దం పైకి వెళ్ళిపోయింది.

"మోటరు బతికే ఉందమ్మా" అన్నాడు బావమరిది మేనకోడలితో. "అద్దమూ బాగుంది. కరెంటే మధ్యలో ఎక్కడో ఆగింది."

తర్వాత టెస్టు ల్యాంపు తీశాడు. స్క్రూడ్రైవరు పిడిలో చిన్న బల్బు, ఒక కొస సూదిమొన, రెండో కొసకి క్లిప్పు. క్లిప్పు కారు ఇనుముకి పెట్టి, స్విచ్చి నొక్కి, సూదిమొన వైరుకి తాకించాడు. పిడిలో బల్బు వెలిగింది. క్లిప్పు తీసి అక్కడే ఉన్న నల్ల వైరుకి పెట్టి మళ్ళీ తాకించాడు. వెలగలేదు. ఇంకోసారి అదే చేశాడు. అప్పుడు మోకాళ్ళ మీదే ఉండి ల్యాంపు సంచిలో పెట్టేశాడు.

"ఏంటి మామయ్యా?"

"ఎర్త్ లేదు. కరెంటు రావడానికి దారుంది, తిరిగి పోవడానికి దారి లేదు. ఈ వైపు నల్ల వైర్లన్నీ ఒకచోట చేర్చి బోల్టుతో కారు ఒంటికి బిగిస్తారు. ఆ బోల్టు పట్టు తప్పి ఉంటుంది."

"ఎక్కడుంది ఆ బోల్టు?"

"ఉంటుంది. లోపలెక్కడో."

దర్జీ తల ఎత్తాడు. ఈ పనిలో జుట్టు నెరిసిన మనిషి లోపలెక్కడో అంటాడా? చొక్కాకి కాలరు ఎక్కడని అడిగితే తను పైనెక్కడో అంటాడా? పైగా ఇంతసేపట్లో వాడు డ్రైవరు తలుపు చూశాడు, పైకప్పు లైటు దింపి చూశాడు, ఫ్యూజుల పెట్టె చూశాడు. పక్క సీటులో కూర్చునే మనిషి కాళ్ళు పెట్టుకునే చోటుకి మాత్రం చెయ్యి పోనివ్వలేదు. అటు చాప కూడా ఎత్తలేదు.

"టీ తాగుతాడేమో అడుగు" అన్నాడు కూతురితో.

"నువ్వే అడగొచ్చు కదా, ఉన్నది నాలుగడుగుల దూరం."

"అడగమన్నాను."

"మామయ్యా, మా నాన్నగారు మిమ్మల్ని టీ తాగుతారేమో కనుక్కోమన్నారు."

"వద్దమ్మా. ఒక సామాను తెచ్చుకోవాలి. రేపొస్తాను" అన్నాడు బావమరిది. అట్ట మళ్ళీ బిగించాడు. సీసా మూతలో ఒక్క మర కూడా మిగల్లేదు. చెప్పులు వేసుకుని, కొట్టు కిటికీ వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

దొరికిపోతానని భయం వాడికి, అనుకున్నాడు దర్జీ. చేసిన పాడుపని అక్కడే ఉంటుంది.

మధ్యాహ్నం కూతురు పడుకున్నాక షెడ్డు తలుపులు రెండూ బార్లా తెరిచాడు. ఎండ కారు నేలదాకా వచ్చింది. పక్క సీటు ముందు చాప ఎత్తాడు. మగ్గిన తడి వాసన కొట్టింది. తలుపు పక్కన, కాళ్ళ దగ్గర చిన్న ప్లాస్టిక్ అట్ట ఉంది. దాని మీద ఆవిడ చెప్పు రాసుకున్న చార ఇంకా పోలేదు. దర్జీ దాన్ని చూడనట్టే పట్టకారు అంచు కింద దూర్చి లేపాడు.

బోల్టు అక్కడే ఉంది. ఎర్రగా తుప్పు పట్టింది. దాని కింద నల్ల వైర్ల కొసలు గుత్తిగా ఉన్నాయి. వేలితో తాకితే బోల్టు కదిలింది. పానా కూడా అక్కర్లేదు, వేలికే కదిలింది. దీన్నెవడూ బిగించలేదు. వదిలేసి పోయాడు.

"దొరికావు" అన్నాడు పైకే.

అప్పుడు కనిపించింది రెండోది.

బోల్టు పక్కగా పైకి, కప్పు వైపు పోయే వైర్ల కట్టలో ఒక వైరు తెగి ఉంది. తెగింది కాదు, కోసింది. నలిగి తెగిన దారం వేరు, కత్తెర పడిన దారం వేరు. ఆ తేడా తెలుసుకోవడానికి ఆయనకి కళ్ళజోడు అక్కర్లేదు. రెండు కొసలకీ విడివిడిగా కట్లున్నాయి. వైరు పనివాళ్ళు చుట్టే టేపు కాదు. నల్లటి లైనింగు గుడ్డ. కోటు లోపల వేసే మెత్తటి గుడ్డ. దాని మీద బొత్తాల దారం, దగ్గర దగ్గరగా చుట్టి, కొస ఎక్కడుందో కనబడకుండా చుట్ల కిందకి లాగేసి ఉంది.

దర్జీ పట్టకారు కింద పెట్టాడు.

కొట్టులో కాజాలు, బొత్తాలు, అంచు పనులు ఆవిడవి. అందరూ ముడి వేసి కొస కత్తిరిస్తారు. ఆవిడ కత్తిరించేది కాదు. దారాన్ని చుట్ల కిందనుంచి లాగి దాచేసేది. "ఒక్క బొత్తానికి ఇంతసేపా? ఈ లెక్కన పెళ్ళికొడుక్కి కోటు ఇచ్చేసరికి వాడికి మనవలు పుడతారు" అని ఈయన అరిచేవాడు. "చొక్కా చిరగొచ్చు గానీ నా బొత్తాం ఊడకూడదు" అనేది ఆవిడ. అలా కుట్టేది ఆవిడొక్కతే. ఆవిడ పోయాక కొట్టులో కుట్టిన బొత్తాలన్నీ ఊడుతూనే ఉన్నాయి.

చూపుడు వేలు ఆ చుట్ల మీద పెట్టాడు. గట్టిగా ఉంది. రవ్వంత కూడా వదులవ్వలేదు. ఎండ కారులోంచి గోడ మీదకి పోయేదాకా ఆ వేలు తియ్యలేదు.

ఆ రాత్రి అన్నం సగంలో లేచాడు. "మామయ్య మీద కోపమా, కూర మీదా?" అని అడిగింది కూతురు. దర్జీ చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు.

మర్నాడు కూతురు ఉద్యోగానికి కావాల్సిన బట్టలు కొనుక్కోవడానికి బజారు వెళ్ళింది. బావమరిది వచ్చేసరికి కొట్టు మూసి ఉంది. షెడ్డులోకి తొంగి చూశాడు. దర్జీ పక్క సీటులో కూర్చుని ఉన్నాడు. కాళ్ళ దగ్గర అట్ట ఊడదీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

బావమరిది గుమ్మంలోనే నిలబడిపోయాడు. సంచి భుజం మీదనుంచి జారింది.

"ఏరా" అన్నాడు దర్జీ.

ఇన్నేళ్ళకి మొదటి మాట అది.

"బావా."

"ఇది మీ అక్క కట్టు."

"అవును బావా."

"హారను బాగుచేశానన్నావు."

"హారను బాగానే ఉంది. అక్క పెట్టిన వంక అది."

"ఎక్కు. నిలబడి చెప్పేదేంటి."

బావమరిది చెప్పులు విప్పి డ్రైవరు సీటులో కూర్చున్నాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక స్టీరింగు పట్టుకున్నాడు. ఆగిన కారులో ఇద్దరూ ఎదురుగా ఉన్న గోడనే చూస్తున్నారు.

"ఆసుపత్రిలో అక్కకి మందు ఎక్కించాక సాయంత్రాలు తిరిగొచ్చేవాళ్ళు కదా మీరిద్దరూ. అక్క తలుపు తీస్తే లైటు వెలిగేది. లైటు వెలగ్గానే నువ్వు తన మొహం చూసేవాడివట. చూసి, ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడేవాడివి కాదట. 'ఆసుపత్రి ఎలాగో భరిస్తానురా, ఆ దారంతా మీ బావ నోరు మూసుకోవడం నా వల్ల కాదు. ఆ లైటు తీసెయ్' అంది."

దర్జీ ఒళ్ళోని అట్టని బోర్లించాడు.

"బల్బు తీసేద్దామన్నాను. 'బల్బయితే రేపే కొత్తది పెడతాడు. ఎంత వెతికినా దొరకనట్టు చెయ్' అంది. వైరు కోశాను. టేపు అయిపోయింది. నేను బజారుకి పోయి తెస్తానంటే, 'నీ టేపు ఎండకి ఊడిపోద్ది, నేను కడతా తప్పుకో' అని కాళ్ళ దగ్గర కూర్చుని తనే కట్టింది. అప్పటికి చేతులు వణుకుతున్నాయి. అయినా కొస దాచేదాకా వదల్లేదు."

"తర్వాత?"

"తర్వాతేముంది, నువ్వు తిట్టడం మొదలుపెట్టావు. లైటు వెలగట్లేదని నన్ను, కారు అమ్మినవాడిని, రోడ్లేసినవాళ్ళని. ఆసుపత్రి గేటు దగ్గర మొదలుపెడితే ఇంటి గేటు దాకా. నేనెప్పుడొచ్చినా అక్క అవన్నీ నాకు చెప్పేది. నీ గొంతుతో చెప్పేది. నవ్వి నవ్వి దగ్గొచ్చేది. 'ఈ రోజు నిన్ను ఎలుక అన్నాడురా, వైర్లు కొరికే ఎలుక' అని."

దర్జీకి అన్నీ గుర్తున్నాయి. ఎలుక అన్న మాట నిజం. చీకట్లో ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని అటు తిరిగిందీ నిజం. నొప్పి వచ్చిందేమో అనుకుని ఇంకా గట్టిగా తిట్టాడు.

"నీకు చెప్పనని ఒట్టేయించుకుంది."

"బోల్టు?"

బావమరిది స్టీరింగు మీదనుంచి చేతులు తీసేశాడు.

"బోల్టు నాది బావా. అందులో అక్కకేం సంబంధం లేదు. వైరు అందడానికి దాన్ని వదులు చేశాను. నువ్వు గేటు తీస్తున్న చప్పుడైంది. 'వచ్చేస్తున్నాడు, మూసెయ్ మూసెయ్' అంది. వేళ్ళతో తిప్పి మూసేశాను. రేపొచ్చి బిగిద్దాంలే అనుకున్నాను. మర్చిపోయాను. వానకి తడి దిగి, తుప్పు పట్టి... అద్దం ఆగిందని నాకు తెలిసింది అక్కని తీసుకెళ్ళిన రోజునే. నువ్వే అరిచావు కదా, ఆసుపత్రి వరండాలో, అందరి ముందు. అప్పుడే అర్థమైంది ఏ బోల్టో. గాలి అడిగితే ఇవ్వలేకపోయామంటే అది నా వల్లే. కాదని ఏనాడూ అనలేదు. అననూ."

నిజమే, అనలేదు. ఒక్కసారైనా ఎదురు చెప్తే బాగుండునని దర్జీ ఎన్నోసార్లు అనుకున్నాడు. ఎదురు చెప్పనివాడితో పోట్లాట ఎంతకీ తెగదు.

దర్జీ అట్ట పక్కన పెట్టి అన్నాడు, "పానా తెచ్చావా?"

"తెచ్చాను."

"మరి ఇంకా కూర్చున్నావేం? పిల్ల వచ్చే వేళైంది."

బావమరిది కింద కూర్చుని బోల్టు విప్పాడు. గరుకు కాగితంతో తుప్పు గీకాడు. బోల్టు గీకి, అది కూర్చునే చోట ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకి, వైర్ల కొసలు ఒక్కొక్కటీ గీకాడు. తిరిగి పెట్టి బిగించాడు. బిగిసిన తర్వాత కూడా పానా మీద ఇంకోసారి బలం వేశాడు. ఆ తర్వాత మళ్ళీ ఇంకోసారి వేశాడు.

"మర తెగుద్ది, చాలు" అన్నాడు దర్జీ. "ఇప్పుడు కూడా నీకు మధ్యేమార్గం తెలీదు."

"నొక్కు బావా."

దర్జీ స్విచ్చి మీద వేలు పెట్టాడు. ఆ స్విచ్చి అంచు అరిగి నున్నగా ఉంది. నొక్కాడు. అద్దం దిగడం మొదలుపెట్టింది. మధ్యలో ఒకసారి తటపటాయించింది, మళ్ళీ దిగింది. అంచు కనబడకుండా తలుపులోకి పోయింది. వీధిలోంచి గాలి వచ్చి ఆయన చెంపకి తగిలింది. మామూలు గాలే, కాస్త వేడి గాలి. కళ్ళు మూసుకున్నాడు. ఎక్కించడానికి చెయ్యి రాలేదు.

బావమరిది కిందనుంచి అడిగాడు, "లైటు ఏం చెయ్యను? అలాగే ఉంచేద్దామా?"

దర్జీ కళ్ళు తెరిచాడు.

"పిల్ల చీకట్లో ఇంటికి రావాలి. కలుపు." వెంటనే, "ఆగు, ఆ కట్టు నువ్వు ముట్టుకోకు" అన్నాడు.

పట్టకారు తీశాడు. సీటు మీదనుంచి కిందకి దిగి, మోకాళ్ళు పట్టేస్తుంటే తలుపు అంచు ఆసరాగా నేల మీద కూర్చున్నాడు. కత్తెర వాడలేదు. చుట్ల కింద దాగిన కొసని వెతికాడు. ఆవిడ ఎటునుంచి ఎటు లాగుతుందో ఆయనకి తెలుసు. కొస దొరికింది. ఒక్కో చుట్టూ వెనక్కి విప్పుకుంటూ వచ్చాడు. దారం ఎక్కడా తెగలేదు. గుడ్డముక్కలు రెండూ చేతికి వచ్చాయి. వాటిని మోకాలి మీద పెట్టి చదును చేశాడు. మడిచి, దారం వాటికే చుట్టి, చొక్కా జేబులో వేసుకుని, జేబు మీద ఒకసారి చెయ్యి పెట్టి చూసుకున్నాడు.

"ఇప్పుడు కలుపు."

బావమరిది రెండు కొసలూ మెలివేసి టేపు చుట్టాడు. లైటు వెలిగింది.

తలుపు తెరిచే ఉంది కాబట్టి వెలిగింది. షెడ్డు నీడలో ఆ కాస్త పసుపు వెలుతురు ఎదురెదురుగా ఉన్న రెండు మొహాల మీదా పడింది. బావమరిది మొహం తడిగా ఉంది. కళ్ళ కింద సంచులు, అక్కకున్నట్టే. దర్జీ చూశాడు. చూడటం ఎప్పుడూ వచ్చు ఆయనకి. చూశాక నోరు పెగలడమే రాదు. ఇప్పుడు బలవంతాన నోరు తెరిచాడు.

"ఆ సీటు కవరు చూశావా" అన్నాడు. గొంతు పగిలింది. దగ్గి, మళ్ళీ అందుకున్నాడు. "ఎవడు కుట్టాడో గానీ, కుట్టు చూడు, తాగినోడు నడిచినట్టుంది. ఆ అంచు చూడు. దీనికి మనిషి చెయ్యి తగిలిందా, మేక నోరు తగిలిందా? నాకిచ్చుంటే పూటలో కుట్టి పారేసేవాణ్ణి. ఈ చాప ఒకటి, కంపు. ఈ షెడ్డు కట్టిన మేస్త్రి ఒకడు, వాన వస్తే ఊళ్ళో నీళ్ళన్నీ ఇక్కడికే. నువ్వేంటి అలా చూస్తావు? ఎలుకలా!"

బావమరిది నవ్వాడో ఏడ్చాడో చెప్పడం కష్టం. దర్జీ ఆపలేదు. కూతురు సంచులతో గేటు తీసేదాకా తిడుతూనే ఉన్నాడు.

ఆ పిల్ల సంచులు కింద పెట్టింది. వెలుగుతున్న లైటు చూసింది. దిగిన అద్దం చూసింది. నేల మీద మోకాళ్ళకి మోకాళ్ళు ఆనించి కూర్చున్న తండ్రినీ మామయ్యనీ చూసింది.

"ఏమైంది? ఎక్కడుంది రోగం?"

బావమరిది నోరు తెరవబోయాడు. దర్జీ పానా తీసి వాడి చేతిలో పెట్టాడు, సంచిలో వేసుకోమన్నట్టు.

"తుప్పు" అన్నాడు.

"అంతేనా?"

"అంతే. తుప్పు పట్టింది. ఎవరేం చేస్తారు."

"అంటే ఇన్నేళ్ళూ మామయ్య పాడుచేశాడని నువ్వు..."

"తుప్పని చెప్పాను కదా." తలుపు పట్టుకుని లేచాడు. మోకాళ్ళ దుమ్ము దులుపుకున్నాడు. "మీ మామయ్యకి టీ పెట్టు. చక్కెర ఎక్కువ వెయ్యి, పొద్దున్నించీ ఏం తినలేదు వాడు. ఈ కారు సంగతి మాత్రం నా దగ్గర మళ్ళీ ఎత్తొద్దు. నువ్వు ఎత్తొద్దు, వాడూ ఎత్తొద్దు. నేను ఎత్తను."

ఎత్తలేదు.